తొలి స్మార్టుఫోను కొను రైతునకు కొన్ని సూచనలు

కాడియెద్దును కొనునప్పుడు రైతు పండ్లు చూచును, నడిపించి చూచును, మెడ తడవి చూచును, తన నేలకు తగునో తగదో విచారించును. విత్తనములు తెచ్చినప్పుడు గుప్పెడు తడిపి, మొలక కట్టి చూచి గాని నారుమడిలో చల్లడు. ఇంతటి వివేకము గల రైతే స్మార్టుఫోను కొనబోవునప్పుడు మాత్రము అంగడివాడు ముందు పెట్టినదానినో, పొరుగువాడు కొన్నదానినో తెచ్చుకొనుట తఱచుగా కానవచ్చుచున్నది. అది యెద్దు కన్న తక్కువ ఖరీదు గల వస్తువే యైనను, రైతు యొక్క బ్యాంకి లెక్క, ఆధారు సంఖ్య, పంట నమోదు, పట్టా కాగితముల ఛాయాచిత్రములు, అన్నియు దానిలో చేరును. కావున ఆ కొనుగోలును గుఱించి క్రమముగా ఆలోచించు విధము బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల సభ్యులకు ఉపకరించునట్లు ఈ పాఠమున వివరింపబడుచున్నది.

ఫలానా కంపెనీ ఫోనే కొనుడని ఈ పాఠము చెప్పదు. ఫోనుల పేరులు కొద్ది నెలల కొకసారి మాఱుచుండును. ఎంచుకొను పద్ధతి మాత్రము మాఱదు. పద్ధతి తెలిసినవాడు ఏ యేట ఏ దుకాణమునకు పోయినను మోసపోడు.

1. అసలు అవసరమున్నదా?

మొదట ఈ ప్రశ్న వేసికొనవలెను. మన దేశమున తొలి సెల్లుఫోను సంభాషణ 1995 జూలై 31వ తేదీన కలకత్తా, ఢిల్లీ నగరముల నడుమ జరిగినది. నాటి నుండి నేటి వరకు మీటల ఫోను చేయు పని తక్కువ కాదు. మాటలాడుటకును, బ్యాంకి నుండి వచ్చు సందేశములు చదువుటకును, ఓటీపీ అందుకొనుటకును అది చాలును. 1800-180-1551 అను కిసాన్ కాల్ సెంటరు సంఖ్యకు ఖర్చు లేకుండ పిలిచి పైరు తెగుళ్లను గుఱించి తెలుగులో అడుగవచ్చును. 2022 మార్చి నుండి యూపీఐ 123పే అను ఏర్పాటు చేత మీటల ఫోనుతోనే సొమ్ము పంపవచ్చును. *99# అని నొక్కి బ్యాంకి నిలువ చూచుకొను పద్ధతి అంతకు ముందు నుండియే కలదు. ఈ పనులు తప్ప వేఱు పని లేనివారు స్మార్టుఫోను కొనకున్నను నష్టము లేదు. నలుగురిలో చిన్నతనమని తలచి కొనుట వివేకము గాదు.

అయినను మీటల ఫోనుతో జరుగని పనులు కొన్ని యున్నవి. ఆకుమచ్చ పట్టిన వరిదుబ్బును ఫొటో తీసి వ్యవసాయ సహాయకునకు పంపుట. మీ భూమి అను ప్రభుత్వ ఏర్పాటున తన అడంగలును, 1-బిని తాను చూచుకొనుట. 2019లో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన మేఘదూత్ అను యాపులో వాతావరణమును, దాని ననుసరించిన వ్యవసాయ సలహాలను తెలుగులో చదువుట. దామిని యాపు మూలమున పిడుగు హెచ్చరిక అందుకొనుట. 2025 జనవరి 30న మన రాష్ట్ర ప్రభుత్వము ఆరంభించిన మనమిత్ర సేవలను 95523 00009 సంఖ్యకు వాట్సాపు సందేశము పంపి పొందుట. పీయం కిసాను ఈ-కేవైసీని వ్రేలిముద్ర కొఱకు ఎక్కడికిని పోకుండ, ముఖము చూపి ఇంటనే పూర్తి చేయుట. ఇవన్నియు స్మార్టుఫోను చేయు పనులు.

వీని యన్నిటికంటె ముఖ్యమైన సంగతి వేఱొకటి కలదు. స్మార్టుఫోను లేని రైతు తన పనులను ఇతరుల ఫోనులలో చేయించుకొనుచున్నాడు. ఓటీపీ వచ్చినప్పుడు చదివి చెప్పును. చదువనేరనిచో ఫోనునే చేతి కిచ్చును. కొన్ని యెడల ఆధారునకు, బ్యాంకి లెక్కకు మధ్యవర్తి యొక్క నంబరే కలుపబడి యుండును. ఆ నంబరు ఎవరి చేతిలో నున్నదో ఇంటి తాళపుచెవి వారి చేతిలో నున్నట్లే. కౌలురైతు విషయమున ఇది మఱింత ముఖ్యము. పంట నమోదు ఎవరి పేర జరిగినదో తానే చూచుకొననిచో, తుపాను నష్టపరిహారము వచ్చునాడు గాని పొరపాటు తెలియదు. తన లెక్క తన చేతికి తెచ్చుకొనుటయే స్మార్టుఫోను వలన రైతునకు కలుగు మొదటి లాభము. ఇది కావలెనను రైతు తరువాతి ప్రకరణములను శ్రద్ధగా చదువవలెను.

2. ఫోను కన్న ముందు సిగ్నలు

నీరు పాఱని చేనికి మంచి విత్తనము తెచ్చి యేమి ప్రయోజనము? సిగ్నలు లేని చోట ఖరీదైన ఫోనును అట్టిదే. గుడివాడ బజారులో చక్కగా పని చేసిన సిమ్ము నాగాయలంక రేవు దాటి ఎదురుమొండి చేరునప్పటికి పని చేయకపోవచ్చును. కోడూరు మండలమున సముద్రపు టొడ్డు ఊళ్లలోను, రొయ్యల చెఱువు గట్ల మీదను ఇదే చిక్కు. కావున ఫోను కొనుటకు ముందు ఒక వారము ఈ పరీక్ష చేయవలెను. ఊరిలో వేర్వేరు కంపెనీల సిమ్ములు గల మిత్రులను పిలిచి, ఇంటి లోపల, పొలము గట్టున, కళ్లము వద్ద, ఈ మూడు చోట్ల వారి ఫోనులను చూడవలెను. ఒకసారి మధ్యాహ్నమున, ఒకసారి రాత్రి యెనిమిది గంటలకు చూచుట మంచిది. రాత్రి అందఱును ఒకేసారి వాడుటచే వేగము తగ్గును.

జియో కంపెనీ 2016లో సేవలు ప్రారంభించిన నాటి నుండి 4జీ పద్ధతినే ఆశ్రయించినది. పాత 2జీ ఫోను దానితో పని చేయదు. బీఎస్ఎన్ఎల్ వారి స్వదేశీ 4జీ 2025 సెప్టెంబరు 27న దేశమంతట ప్రారంభింపబడినది. 5జీ మన దేశమున 2022 అక్టోబరు 1న మొదలైనది. మీ ఊరికి 5జీ ఇంకను రాకున్నను, ఐదేండ్లు వాడదలచిన ఫోనులో అది యుండుట మేలు. అయితే దాని కొఱకు వేల రూపాయలు అదనముగా ఇయ్యవలసి వచ్చినచో మానుకొనవచ్చును. రైతు పనులకు 4జీ వేగము చాలును. రెండు సిమ్ములకు తావున్న ఫోనునే తీసికొనవలెను. ఒకటి లేని చోట రెండవది ఆదుకొనును.

3. ఖరీదును ధాన్యపు బస్తాలలో లెక్కించుట

రూపాయలలో చెప్పిన ధర తేలికగా తోచును. బస్తాలలోనికి మార్చి చూచినచో నిజమైన బరువు తెలియును. 2025-26 సంవత్సరమునకు సాధారణ రకపు ధాన్యమునకు కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన మద్దతు ధర క్వింటాలునకు 2,369 రూపాయలు. ఈ లెక్కన 75 కిలోల బస్తా 1,776 రూపాయల 75 పైసలు. 8,000 రూపాయల ఫోను నాలుగున్నర బస్తాలు. 12,000 రూపాయల ఫోను ఇంచుమించు 7 బస్తాలు. 20,000 రూపాయల ఫోను 11 బస్తాలకు పైమాట. ఇది పెట్టుబడి పోగా మిగిలిన ధాన్యములో నుండి తీయవలసిన లెక్క యని మఱవరాదు.

అట్లని అన్నిటికంటె చౌకదే మంచిదనుట పొరపాటు. 8,000 రూపాయల ఫోను రెండేండ్లకే నెమ్మదించి మూలపడినచో ఏడాదికి 4,000 రూపాయలు ఖర్చయినట్లు. 12,000 రూపాయల ఫోను ఐదేండ్లు నిలిచినచో ఏడాదికి 2,400 రూపాయలే. కావున ధరను, అది పని చేయగల సంవత్సరములతో భాగించి చూడవలెను.

మఱియొక ఖర్చు చాలమంది లెక్కలోనికి రాదు. నెలకు 250 రూపాయలు రీచార్జికి పెట్టినచో ఏడాదికి 3,000, ఐదేండ్లకు 15,000 రూపాయలగును. అనగా ఫోను కన్న రీచార్జియే ఎక్కువ. ఎద్దు ఖరీదు ఒకనాటిది, మేత ఖర్చు నిత్యము. మేత పెట్టలేనివాడు ఎద్దును కొనరాదు.

4. ఫోను లోపల చూడవలసినవి

దుకాణమున మొదట కెమేరాను గొప్పగా చెప్పుదురు. రైతునకు కావలసిన వరుస వేఱు. ఈ క్రింది క్రమమున విచారింపవలెను.

మొదటిది, రక్షణ సవరణలు. ఫోనును నడిపించు ఆండ్రాయిడు అను ఏర్పాటులో లోపములు కనబడినప్పుడెల్ల కంపెనీవారు సవరణలు పంపుచుందురు. అవి ఆగిపోయిన ఫోను తలుపు గడియ ఊడిన యిల్లు వంటిది. కొన్ని కంపెనీలు రెండు మూడేండ్లు మాత్రమే పంపును. కొన్ని ఆఱేండ్ల వరకు పంపుదుమని మాట ఇచ్చును. ఈ గడువు ఫోను విడుదలైన నాటి నుండి లెక్కకు వచ్చును గాని మనము కొన్న నాటి నుండి కాదు. కావున రెండేండ్ల క్రిందటి నమూనాను చౌకగా ఇచ్చుచున్నారన్నచో గడువులో రెండేండ్లు అప్పుడే పోయినవని గ్రహింపవలెను. ఫోను పాతదగు కొలది యాపులును దానిని విడుచును. 2025 జనవరి నుండి వాట్సాపు ఆండ్రాయిడు 4.4 గల పాత ఫోనులలో పని చేయుట మానినది.

రెండవది, బ్యాటరీ. 5,000 ఎంఏహెచ్‌కు తక్కువ గాకుండ చూడవలెను. మన ప్రాంతమున ఇది సౌకర్యము కొఱకు మాత్రమే కాదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో దివిసీమ వేలాది ప్రాణములను పోగొట్టుకొన్నది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గఱ తీరము దాటునప్పటికి డెల్టాలో వరి కోతల కాలము. ముందుగా తెలిసిన హెచ్చరిక వలన పనల మీదనున్న ధాన్యమును కుప్ప వేసికొనుటకు వ్యవధి దొరకును. అయితే గాలివాన మొదలైన పిమ్మట కరెంటు పోవును, తరువాత టవర్లును ఆగవచ్చును. కావున తుపాను హెచ్చరిక వచ్చిన వెంటనే ఫోనును నిండుగా చార్జి చేయవలెను. ఇంట నొక పవర్‌బ్యాంకును, ఒక చిన్న రేడియోను ఉంచుకొనవలెను. ఎంత మంచి ఫోనైనను టవరు లేనిదే గాజుపలక.

మూడవది, ర్యామును, నిలువ స్థలమును. ర్యాము పని చేయు బల్ల వంటిది, నిలువ స్థలము గాదె వంటిది. బల్ల చిన్నదైనచో రెండు పనులు ఒకేసారి సాగవు. గాదె నిండినచో కొత్త యాపు ఎక్కదు. 4 జీబీ ర్యాము, 64 జీబీ స్థలము ఉన్నవానితో పని జరుగును గాని త్వరలో ఇఱుకగును. 6 జీబీ, 128 జీబీ ఉన్నది ఐదేండ్లకు తగును. డబ్బా మీద 12 జీబీ యని పెద్ద యక్షరములతో వ్రాసి, చిన్న యక్షరములతో 6 కూడ 6 అని వ్రాయుట కలదు. రెండవ 6 నిజమైన ర్యాము కాదు, గాదెలో నుండి తీసి బల్లగా వాడునది. దానికి విలువ కట్టరాదు.

నాలుగవది, తెర. ఎండలో పొలము గట్టున కనబడని తెర రైతునకు నిరుపయోగము. వెలుగును నిట్సు అను కొలతతో చెప్పుదురు. సంఖ్య పెద్దదైన కొలది మేలు. సంఖ్యను నమ్ముట కన్న ఫోనును దుకాణము బయటకు తెచ్చి ఎండలో చూచుట ఉత్తమము.

ఐదవది, నీటికి దుమ్మునకు ఓర్పు. దీనిని ఐపీ అను రెండంకెల గుఱుతుతో తెల్పుదురు. మొదటి యంకె దుమ్మునకు, రెండవది నీటికి. ఐపీ 54 అన్నచో నీటి తుంపరలకు ఓర్చును. ఐపీ 67 అన్నచో మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకొనును. అయితే ఈ పరీక్షలు మంచినీటిలో జరుగును; ఉప్పునీటికి పూచీ లేదు. నీరు చొచ్చి చెడిన ఫోనును వారంటీ క్రింద బాగుచేయుట సామాన్యముగా ఉండదు. రొయ్యల చెఱువుల వద్ద పని చేయువారు పది రూపాయల ప్లాస్టికు సంచిలో ఫోనును ఉంచుకొనుట మేలు. తడిసిన ఫోనును బియ్యపు డబ్బాలో పెట్టు నలవాటు కలదు. దాని వలన నూక, తవుడు చార్జింగు రంధ్రములో చేరుటయే గాని లాభము లేదు. కట్టివేసి, గుడ్డతో తుడిచి, గాలి తగులు నీడలో ఆరబెట్టవలెను.

చివరిది, కెమేరా. 50 మెగాపిక్సెలులు, 108 మెగాపిక్సెలులు అను సంఖ్యలను బట్టి ఫొటో మంచి చెడ్డలు తేలవు. జానెడు దూరమున నీ అరచేతి గీతలను ఫొటో తీసి, పెద్దది చేసి చూడుము. గీతలు స్పష్టముగా నున్నచో ఆకు మీది మచ్చయు అట్లే వచ్చును. అదే చాలును.

5. కొత్తదా, వాడినదా? నగదా, వాయిదాలా?

వాడిన ఫోను చౌకగా వచ్చును గాని దొంగసొత్తు కావచ్చును. సవరణల గడువు తీరినది కావచ్చును. బ్యాటరీ సత్తువ ఉడిగినది కావచ్చును. తప్పక కొనవలసి వచ్చినచో *#06# అని నొక్కిన కనబడు 15 అంకెల ఐఎంఈఐ సంఖ్యను, 2023 మేలో కేంద్ర టెలికాం శాఖ ప్రారంభించిన సంచార్ సాథీ ఏర్పాటున సరిచూడవలెను. దొంగతనము గుఱించి ఫిర్యాదు పడి నిలుపబడినదైనచో అందు తెలియును. అమ్మువాని వద్ద అసలు బిల్లు లేనిచో అంతటితో విడువవలెను.

వాయిదాల విషయమున సహకార సంఘ సభ్యులకు ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. వడ్డీ లేని వాయిదాలని చెప్పినను, నమోదు రుసుము, బీమా, నగదు కొనుగోలుదారునకు దొరకు తగ్గింపు మనకు దక్కకపోవుట, వీనినన్నిటిని కూడినచో వడ్డీ మఱియొక పేరున కానవచ్చును. నగదు ధర యెంత, వాయిదాలన్నియు కట్టునప్పటికి మొత్తమెంత, అని రెండు సంఖ్యలను కాగితము మీద వ్రాయించుకొని తేడా చూడవలెను. రైతు ఆదాయము పంటతో వచ్చును, వాయిదా నెలనెల వచ్చును. ఈ రెండింటికి పొత్తు కుదురదు. ఒక వాయిదా తప్పినచో అపరాధ రుసుమే గాక, రుణచరిత్ర పాడై రేపు పంట రుణమునకు అడ్డు రావచ్చును. పంట రుణమును ఫోనునకు మళ్లించుట అంతకన్న హానికరము. మినుములు అమ్మిన సొమ్ములో నుండి కొంత కొంత తీసి పెట్టుకొని, నగదుతో కొనుటయే మన సంఘముల మూలసూత్రమగు పొదుపునకు తగిన మార్గము.

6. దుకాణమున చేయవలసిన పరీక్ష

సాయంకాలము రద్దీలో గాక ఉదయము పోవలెను. చదువుకొన్న కుమార్తెనో కుమారునినో వెంట తీసికొనిపోవుట మంచిది. కాని ఫోను వాడునది తానైనచో చేతితో పట్టి చూచునది తానే కావలెను. తన సిమ్మును వేసి ఒకరిని పిలిచి మాటలు స్పష్టముగా వినబడుచున్నవేమో చూడవలెను. అక్షరములు పెద్దవిగా చేయించి, భాష తెలుగునకు మార్పించి, అద్దములు లేకుండ చదువగలిగినది లేనిది చూచుకొనవలెను. మైకు గుఱుతును నొక్కి తెలుగులో మాటలాడినచో ఫోనే వ్రాయును. వ్రాయుట అలవాటు లేనివారికి ఇది గొప్ప సహాయము. మాగాణి పనులతో కాయలు కాచిన వ్రేళ్లకు తెర చక్కగా లోబడుచున్నదో లేదో అప్పుడే తెలియును.

డబ్బాకు వేసిన ముద్ర చెడకున్నదా, డబ్బా మీది ఐఎంఈఐ సంఖ్యయు ఫోనులోని సంఖ్యయు ఒక్కటేనా, చార్జరు డబ్బాలో నున్నదా, విడిగా కొనవలెనా, ఆ కంపెనీ మరమ్మతు కేంద్రము బందరులోనో గుడివాడలోనో కలదా, లేక విజయవాడ పోవలెనా, ఇవన్నియు అడుగవలెను. జీఎస్టీ బిల్లు తప్పక తీసికొనవలెను. బిల్లు లేకున్న వారంటీ లేదు. దుకాణదారు మాట తప్పినచో 1915 అను జాతీయ వినియోగదారుల సంఖ్యకు ఫిర్యాదు చేయవచ్చును. అపుడును మొదట అడుగునది బిల్లే.

7. మూడు ఉదాహరణములు

గుడివాడ దగ్గఱ మూడెకరములు కౌలునకు చేయు రైతు నొకని ఊహింతము. ఇంట మఱి యే స్మార్టుఫోనును లేదు. ఇతనికి పంట నమోదు, ధాన్యపు అమ్మకము, బ్యాంకి జమ చూచుకొనుట ముఖ్యము. సవరణలు ఎక్కువ కాలము వచ్చునదియు, 6 జీబీ ర్యాము గలదియు నైన ఫోనును 12,000 రూపాయల ప్రాంతమున చూచుకొనుట సమంజసము. కెమేరాల సంఖ్య కొఱకు ఒక్క బస్తాయును అధికముగా వెచ్చింపరాదు.

నాగాయలంక వద్ద రొయ్యల చెఱువులు గలవాడు వేఱొకడు. రాత్రివేళ ఏరేటర్ల నడకను, నీటి పరీక్షల ఫలితములను, ఎగుమతి ధరలను కనిపెట్టవలసియుండును. ఇతనికి ఐపీ 67 వంటి ఓర్పును, ఎండలో కనబడు తెరయు, పెద్ద బ్యాటరీయు అవసరము. ఎక్కువ ధర పెట్టుటకు ఇతనికి కారణము కలదు. ఒక రాత్రి చెఱువులో ప్రాణవాయువు తగ్గిన కలుగు నష్టముతో పోల్చినచో ఆ తేడా స్వల్పము.

మూడవవాడు బందరు సమీపమున ఎకరము సొంత భూమి గల వృద్ధుడు. కొడుకు హైదరాబాదున నున్నాడు. ఇతనికి మనుమరాలి ముఖము చూచి మాటలాడవలెనను కోరికయే ప్రధానము. పెద్ద తెర గల చౌక ఫోను చాలును. సొమ్మునకు సంబంధించిన యాపులను ఇందులో పెట్టకుండ, బ్యాంకి సందేశములు వచ్చు నంబరును పాత మీటల ఫోనులోనే ఉంచుకొనుట ఇతనికి క్షేమము. కొడుకు పాత ఫోనును పంపినచో, దానికి సవరణలు ఇంకను వచ్చుచున్నచో, కొననే అక్కఱలేదు.

8. కొన్న మొదటి వారమున

తెరకు తాళము పెట్టవలెను. పుట్టిన సంవత్సరమును తాళపు సంఖ్యగా పెట్టరాదు. ఆధారునకు, బ్యాంకికి తన నంబరే కలిసియున్నదో లేదో విచారించి, లేనిచో మార్పించుకొనవలెను. యాపులను ప్లే స్టోరు నుండి మాత్రమే తీసికొనవలెను. ప్రభుత్వ పథకము పేరు పెట్టి వాట్సాపులో వచ్చు ఏపీకే ఫైలును తాకినచో ఫోను దొంగల చేతి కీలుబొమ్మ యగును. బందరులో 1923లో పుట్టిన ఆంధ్రా బ్యాంకి 2020 ఏప్రిలు 1న యూనియను బ్యాంకిలో కలిసిపోయినది. నేడు ఎవరైన ఆ పాత పేరుతో లింకు పంపినచో అది మోసమని వెంటనే గ్రహింపవలెను.

సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను నొక్కవలసిన పని యెన్నడును లేదు. పిన్ను నొక్కుమనువాడు సొమ్మును మన నుండి తీయువాడే. పొరపాటున సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచరాదు. వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన అంతగా ఆ సొమ్మును నడుమనే ఆపించుట కవకాశము. పిలువని అప్పుల యాపులకు ఫోనులో తావీయరాదు.

9. సంఘము చేయదగిన పని

2022 జూనులో కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను కంప్యూటరున కెక్కించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. లెక్కలు కంప్యూటరున కెక్కిననాడు సభ్యుడు తన బాకీని, తన వాటా ధనమును తానే చదివి చూచుకొనగలిగియుండుట సంఘమునకే బలము. చదివి ప్రశ్నించు సభ్యులున్న సంఘమున పొరపాటులు నిలువవు.

కావున ప్రతి సంఘమును నెలకొక సాయంకాలము ఇందుకై కేటాయించుట మంచిది. ఇదివఱకే ఫోను కొన్న సభ్యులు తమ తమ ఫోనులను తెచ్చి, ఏది ఎన్నాళ్లు పని చేసినది, ఎక్కడ సిగ్నలు వచ్చినది, మరమ్మతునకు ఎంతైనది, అని చెప్పవలెను. పదిమంది యొక్క అనుభవము ఏ ప్రకటన కన్నను విలువైనది. పది పదిహేనుమంది ఒకే నమూనాను కొనదలచినప్పుడు, ఎఱువులు కొనునట్లే, రెండు మూడు దుకాణముల నుండి ధరలు వ్రాతమూలకముగా తెప్పించి సరిచూడవచ్చును. వాడుట నేర్పు బాధ్యతను సభ్యుల బిడ్డలలో చదువుకొన్నవారు వహింపవలెను. స్త్రీ సభ్యులు తమ పేర తమ నంబరు ఉండునట్లు చూచుకొనుట ముఖ్యము.

ఫోను కొనుట చిన్న పనియే. దాని మూలమున తన పంట, తన సొమ్ము, తన పేరు ఎక్కడెక్కడ ఎట్లు వ్రాయబడియున్నవో తన కన్నులతో చూచుకొను అలవాటు పెద్ద పని. ఆ యలవాటు లేనివానికి ఇరువదివేల ఫోనును ఆటవస్తువే. అది గలవానికి చౌక ఫోనును వ్యవసాయపు పనిముట్టే.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

(1) మీ ఆధారునకును, బ్యాంకి లెక్కకును కలిసియున్న ఫోను నంబరు ఎవరిది? (2) మీ పొలము గట్టున ఏ కంపెనీ సిగ్నలు నిలుకడగా నున్నది? (3) మీరు కొనదలచిన ఫోను ధర, ఐదేండ్ల రీచార్జి కలిపి ఎన్ని ధాన్యపు బస్తాలగును? (4) తుపాను వేళ కరెంటు రెండు దినములు లేనిచో మీ ఫోను పని చేయుటకు ఏమి ఏర్పాటు కలదు? (5) మీ ఊరిలో మీటల ఫోనే చాలునని చెప్పదగినవారు ఎవరు, ఎందుచేత?